పేరు ఇంజినుది, భారం ఇరుసుది

అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవాడికి తాళాలతోపాటు ఒక ఆంక్ష కూడా చేతికొస్తుంది. మొదటి 1,000 మైళ్లు, అంటే 1,600 కిలోమీటర్లు, వెనక ట్రైలరు తగిలించొద్దంటుంది ఫోర్డ్ మాన్యువల్. షెవ్రొలే, రామ్, టయోటా 500 మైళ్లతో సరిపెడతాయి. షెవ్రొలే, రామ్ మాన్యువళ్లలో ఇంకో మెలిక ఉంటుంది: ఆ గడువు తీరి ట్రైలరు లాగడం మొదలుపెట్టాక కూడా తొలి 500 మైళ్లు గంటకు 50 మైళ్ల వేగం దాటకూడదు, ఆగిన బండిని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కదిలించకూడదు. పడవను చెరువుకి లాక్కెళ్లడానికే ట్రక్కు కొన్నవాడికి ఇది ఒళ్లు మండే మాట. కొత్త ఇంజిన్ కదా, బరువు పెట్టకూడదులే అని సర్దిచెప్పుకుంటాడు. అందులో సగమే నిజం. కొత్త ఇంజినుకు నిజానికి కాస్త బరువు పడాలి. ముందు జాగ్రత్త ఎక్కువగా కావాల్సింది వెనక చక్రాల మధ్య, ఇరుసు ఇనప హౌసింగులో కూర్చున్న రెండు గేర్లకు.

ముందు ఇంజిన్ సంగతి తేల్చేద్దాం. సిలిండరు లోపలి గోడ నున్నగా ఉంటుందనుకుంటాం గానీ, ఉండదు. హోనింగ్ రాళ్లతో దానిమీద కావాలనే అడ్డంగా, ఏటవాలుగా సన్నటి గీతలు పెడతారు, ఆయిల్ నిలవడానికి. ఆ గోడను రాసుకుంటూ తిరిగే పిస్టన్ రింగు, 1852లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లండ్ రైల్వే ఇంజనీరు ఆవిరి ఇంజిన్ల కోసం చేసిన చీలిక రింగు వంశంలోదే. రింగు తన సొంత బిగువుతో గోడను నొక్కేది కొంతే. మండిన వాయువు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి అదుముతుంది, అసలు నొక్కుడు అదీ. బండిని మరీ గారాబంగా నడిపితే ఆ ఒత్తిడి చాలదు. గీతల మధ్య మిగిలిన కొనలు సాపు కావు, ఆయిల్ గోడమీదే మాడి పూతగా పట్టేస్తుంది, ఇక ఆ ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. అలాగని మొదటిరోజే చిత్తుగా తొక్కితే కొనలు వేడెక్కి రింగు గోడను గీరేస్తుంది. వేగం మారుస్తూ, మధ్యస్థంగా నడపమనడం ఇందుకే. ఇప్పటి ఇంజిన్లకు ఆ కొనలు ఫ్యాక్టరీలోనే చదును చేస్తున్నారు. ఒకప్పుడు బ్రిటన్‌లో కొత్త కార్ల వెనకద్దం మీద 'రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్' (కొత్త బండి, దాటి వెళ్లండి) అని కనిపించేది, ఇప్పుడా బోర్డులు లేవు. ట్రైలరు ఆంక్ష మాత్రం అలాగే ఉంది. ఎందుకుందో చూడాలంటే ట్రక్కు కిందికి దూరాలి.

ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్టు బండి పొడవునా తిరుగుతుంది, చక్రాలు నడవాల్సింది దానికి అడ్డంగా. ఆ తిరుగుడును మలిపేది చిన్న పినియన్, పెద్ద క్రౌన్ వీల్. మన మెకానిక్కులు రెంటినీ కలిపి క్రౌన్ పినియన్ అనేస్తారు. మొదట్లో పళ్లు తిన్నగా కోసిన బెవెల్ గేర్లుండేవి, వాటి మోత అంతా ఇంతా కాదు. 1913లో డెట్రాయిట్‌లోని ప్యాకార్డ్ కంపెనీ వంపు పళ్ల గేర్లు తెచ్చింది. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని గ్లీసన్ కంపెనీలో మరో మార్పు జరిగింది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి అక్కడ చేరిన ఎర్నెస్ట్ వైల్డ్‌హాబర్ వంటివాళ్లు దాని లెక్కలు కట్టారు. పినియన్‌ను క్రౌన్ వీల్ నడిమధ్యకు గురిపెట్టకుండా, కొంచెం కిందికి జరిపారు. అదే హైపాయిడ్ గేరు. 1926లో దాన్ని తమ కార్లలో పెట్టింది కూడా ప్యాకార్డే. అప్పటి ఉద్దేశం బరువులు లాగడం కాదు. షాఫ్టు కిందికి దిగితే కారు ఎత్తు తగ్గుతుంది, షోకు కారు ఇంకా షోకుగా కనిపిస్తుంది. కానీ పినియన్‌ను కిందికి జరిపితే దాన్ని లావుగా చేయొచ్చు, ఒకేసారి ఎక్కువ పళ్లు పట్టుకుంటాయి. ధనవంతుల కారు కోసం పుట్టిన గేరు ట్రక్కులకు ఎక్కింది ఈ బలం వల్లే.

ఇంత బలానికి చెల్లించాల్సిన ధర జారుడు. మామూలు బెవెల్ గేర్లో పన్ను పంటిమీద ఎక్కువగా దొర్లుతుంది. హైపాయిడ్‌లో దొర్లుతూనే పంటి పొడవునా జారుతుంది కూడా. ఆ జారుడుకు మామూలు నూనె పొర తెగిపోయి ఇనుముకు ఇనుము తగులుతుంది. అందుకని గేర్ ఆయిల్లో సల్ఫర్, ఫాస్ఫరస్ కలుపుతారు. రాపిడికి వేడి పుట్టిన చోట అవి ఇనుముతో కలిసి పలచటి పొరగా ఏర్పడతాయి. ఆ పొర అరుగుతుంది, పన్ను మిగులుతుంది. గేర్ ఆయిల్ డబ్బా మూత తీస్తే ముక్కు బద్దలయ్యే కంపు ఆ సల్ఫర్‌దే. సల్ఫర్ పట్టించిన స్పెర్మ్ తిమింగలం నూనెను కూడా చాలాకాలం ఇందుకు వాడారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక ఆ దారి మూసుకుపోయింది. సముద్రంలో జీవి ఇరుసులోకి ఎలా వచ్చిందా అనిపిస్తుంది గానీ, పరిశ్రమ చరిత్రలో ఇలాంటివి కొల్లలు.

క్రౌన్, పినియన్‌లను ఫ్యాక్టరీలో గరుకు పేస్టు రాసి ఒకదానితో ఒకటి అరగదీస్తారు. అప్పటినుంచి అవి జత. ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే. 3.73 నిష్పత్తి ఉన్న ఇరుసును తీసుకోండి. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 11. రెండూ ప్రధాన సంఖ్యలే. పినియన్ పన్ను ఒకటి క్రౌన్ పన్నును తాకాక, మళ్లీ అదే పంటిని కలవాలంటే పినియన్ 41 చుట్లు తిరగాలి. ఈలోగా మిగతా 40 పళ్లనూ పలకరించి వస్తుంది. అలా ఏ పంటి గరుకుదనమైనా అన్నిటికీ సమంగా పడుతుంది. లెక్క సులువని 40కి 10 పళ్లు కోస్తే ప్రతి పినియన్ పన్నూ జన్మంతా అదే నాలుగింటితో రాసుకుంటుంది. 80 సెంటీమీటర్ల టైరు మీద 500 మైళ్లు నడిస్తే పినియన్ సుమారు 12 లక్షల చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో పంటి జత దాదాపు 29 వేలసార్లు కలుస్తుంది. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన సూక్ష్మమైన గరుకు చదునయ్యేది ఈ కలయికల్లోనే.

ఇప్పుడు ట్రైలరు తగిలించండి. 500 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజిన్, 4.7 నిష్పత్తి ఉన్న మొదటి గేరు అనుకుంటే పినియన్ దగ్గరికి వచ్చేసరికి 2,350 అవుతుంది. ఏ క్షణంలోనైనా దాన్ని మోసేది రెండు మూడు పళ్లే. హైవే మీద 60 కిలోవాట్లు ఇరుసు గుండా పోతుంటే, అందులో నూటికి మూడు వంతులు రాపిడికి పోయినా దాదాపు 2 కిలోవాట్ల వేడి. మన స్నానాల గదిలో గీజరు తాగే కరెంటంత. ఇంజినుకు రేడియేటరుంది. ఇరుసుకు సాధారణంగా ఉన్నది లోపలి ఆయిలూ, బయట తగిలే గాలీ. గరుకు పళ్ల మీద ఈ వేడి తోడైతే రసాయనపు పొర ఏర్పడేకంటే వేగంగా తెగిపోతుంది. పంటి ముఖం మీద గీతలు పడతాయి. బండి పైకి ఏమీ చెప్పదు, కొన్నాళ్లకు ఒకానొక వేగంలో సన్నగా ఊళ పెడుతుంది.

ఇంకో చిక్కుంది. మెకానిక్ క్రౌన్ పళ్లకు రంగు పూసి తిప్పి చూస్తే, పళ్లు తాకుతున్న చోటు మచ్చలా కనిపిస్తుంది. బరువు పడితే హౌసింగు, బేరింగులు వెంట్రుకవాసి వంగి, ఆ మచ్చ పంటి వెలుపలి కొసవైపు జరుగుతుంది. ఖాళీ బండితో చదునైన భాగం ఒకటి, ట్రైలరుతో పని చేయాల్సిన భాగం మరొకటి. ట్రైలరుతో తొలి 500 మైళ్లు మెల్లగా పొమ్మనడానికి నాకు కనిపించే కారణం ఇదే. ఈ ఆంక్షలో ఇరుసుకూ వాటా ఉందనడానికి సాక్ష్యం మాన్యువళ్లలోనే ఉంది: ఇంజిన్, ఇరుసు, ఇతర భాగాలు దెబ్బతినొచ్చని రామ్ అంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే భాగం), వీల్ బేరింగుల్లో ఏది కొత్తగా వేసినా సరే ఆ 500 మైళ్లూ ఆగమంటుంది టయోటా. అంటే పాత ట్రక్కుకు క్రౌన్ పినియన్ మార్పించినా గడువు మళ్లీ మొదలవుతుంది.

మన పొలాల్లో కొత్త ట్రాక్టరుకు 50 గంటలకే మొదటి సర్వీసు చేయించమనడంలోనూ ఇదే లెక్క ఉంది. కొత్త గేర్లు రాల్చిన పొడి ఆయిల్లోకి దిగుతుంది. ట్రక్కు ఇరుసు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని వస్తే తుడిచి బిగించేయొచ్చు. వేళ్ల మధ్య నలిపినప్పుడు గుచ్చుకునే పెచ్చు తగిలితే మాత్రం కొత్త ఆయిల్ పోయకుండా వెనక కవరు విప్పాలి.