ఫ్లాటు మాది... వివరాలు ఊరందరివీ!

సెప్టెంబరు నెల, పొద్దున అయిదున్నర. ఇంగోల్‌స్టాట్‌లో ఇంకా తెల్లవారలేదు. ఏడింటికల్లా సైటులో ఉండాలి కదా అని టీ పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. చూస్తే హైదరాబాద్ నంబరు. "సార్, మూడో బ్లాకు ఏడో అంతస్తులో మీ ఫ్లాటుకు మాడ్యులర్ కిచెన్ చేయిస్తారా?"

బుక్ చేసి పట్టుమని పది రోజులు కాలేదు. మేమిద్దరం ఆలుమగలం తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఇంటికి కూడా చెప్పలేదు. ఆ వారంలోనే టైల్స్ వాళ్లు, లోన్ ఏజెంట్లు, చివరికి వాస్తు చూస్తామనేవాళ్లు కూడా ఫోన్ చేశారు.

వీటన్నిటికీ ఓర్చుకోవచ్చు. తర్వాతి ఫోన్ మాత్రం ఊళ్లో మా నాన్నకు వెళ్లింది. నామినీ అని ఆయన నంబరు ఫారంలో రాసింది మేమే. వేసవిలో బోరు వేయించాలని ఆయన లక్ష అడిగితే "ఇప్పుడు చేతిలో లేవు నాన్నా" అన్నాం. బుకింగ్ కోసం దాచిన డబ్బు అది. ఎవడో ఫోన్ చేసి "మీ అబ్బాయి డెబ్బై లక్షల ఫ్లాటు కొన్నాడు, ఇన్సూరెన్స్ చేయించండి" అన్నాడట. రాత్రి నాన్న ఫోన్ చేసి "కొన్నందుకు కాదురా, దారిన పోయేవాడు చెప్తే తెలియాల్సి వచ్చింది" అని పెట్టేశాడు.

మ్యూనిక్‌లో ఒక హోటల్ హాలులో పెట్టిన ప్రాపర్టీ షోలో నింపాం ఆ ఫారం. పాస్‌పోర్టు, పాన్, ఆధార్, మూడు నెలల జీతం స్లిప్పులు అన్నీ జిరాక్సులు ఇచ్చేశాం. ఎందుకని అడగనేలేదు.

నిజం చెప్పాలంటే తిట్టే హక్కు మాకు కొంచెం తక్కువే. సివిల్ డిప్లొమా అయ్యాక హైదరాబాద్ సైటులో పనిచేసినప్పుడు కొన్నవాళ్ల జాబితా ఆఫీసు బల్ల మీదే పడి ఉండేది. టైల్స్ షాపతను బిర్యానీ తెస్తే మేమే జిరాక్సు తీసిచ్చాం. తప్పని తోచలేదు. ఇక్కడి సైటులో మా చేతికొచ్చే కాగితం మీద ఫ్లాటు నంబరే ఉంటుంది, పేరుండదు. ఏ ఇంట్లో ఏ టైల్ వేయాలో తెలిస్తే చాలు కదా మాకు!

జర్మనీలో ఇంటి గంట పక్కన పేరు రాసి ఉంటుంది కానీ ఆ ఇల్లు ఎవరిదో, దాని మీద అప్పెంతో ఊరికే చెప్పరు. భూమి రిజిస్టరు (గ్రుండ్‌బుఖ్) చూడాలంటే తగిన కారణం చూపాలి. ఎవరు చూశారో రాసిపెడతారు, యజమాని అడిగితే చెప్పాలి. అయినా ఇక్కడా దొంగదారులున్నాయి. పక్క రాష్ట్రం బాడెన్-వుర్టెంబర్గ్‌లో ఒక సర్వే ఇంజనీరు తనకున్న ఆన్‌లైన్ అనుమతితో స్థల యజమానుల పేర్లు తీసి ఒక బిల్డరుకు అందించాడు. ఆ బిల్డరు 'మీ స్థలం అమ్ముతారా' అని వాళ్లకు ఉత్తరాలు రాశాడు. 2022లో అక్కడి డేటా రక్షణ అధికారి బిల్డరుకు 50,000 యూరోలు, ఇంజనీరుకు 5,000 యూరోలు జరిమానా వేశారు.

మన దగ్గర ఇంతకన్నా ఘోరం జరిగింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు ఇతరుల పేర్ల మీద తెరిచాడు. అమ్మకాల టార్గెట్ కోసమట! తర్వాత ఇలాంటి ముద్రలతోనే ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాలు దొరికాయి. దస్తావేజు మీద వేలిముద్ర వేసిన వాళ్లందరూ, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో సహా, ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. మేం పెట్టేశాం. ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చినా చాలాచోట్ల సరిపోతుంది.

యూరప్‌లో ఉన్న మనవాళ్లకు ఇంకో ఆయుధం ఉంది. 2018 మే 25 నుంచి అమలవుతున్న డేటా రక్షణ చట్టం ఇక్కడి కంపెనీలకే కాదు, బయటి నుంచి వచ్చి ఇక్కడున్నవాళ్లకు అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. మన వివరాలు ఏం ఉన్నాయి, ఎవరికిచ్చారు అని రాసి అడిగితే మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. ఇండియాలోనూ 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. అందులోని ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి.

మేం బిల్డరుకు ఈమెయిలు రాసి ఇరవై రెండు రోజులైంది. జవాబు లేదు. నెల నిండితే బవేరియా డేటా రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు రాయాలని కాగితాలు సర్దిపెట్టుకున్నాం. బోరు డబ్బులు మొన్ననే పంపాం. అందాయని నాన్న మెసేజ్ పెట్టాడు గానీ ఫోన్ మాత్రం ఇంకా చేయలేదు.