యారా లోయలో ద్రాక్షతోటలు

ద్రాక్ష యనగానే మనకు స్ఫురించునది పండు. దేవుని నైవేద్యమునకు, రోగి పథ్యమునకు, పిల్లల చేతికి అందించు పండు. దానినుండి తీయు సారా మన యిండ్లకు పరిచితమైనది కాదు. దానిని పొగడుట ఈ ప్రసంగమున మా యుద్దేశమును కాదు. కాని ఒక తీగ, ఒక నేల, ఒక మహానగరము, ఈ మూడును నూట ఎనుబది యేండ్లకు పైగా పక్కపక్కనే ఎట్లు మనుచున్నవో తెలిసికొనగోరువారు ఆస్ట్రేలియాలోని యారా లోయను చూచుట మేలు. ఒక మార్చి నెలలో, కోతలు సాగుచున్న దినములలో, మేమచ్చటికి పోయితిమి.

మెల్‌బోర్న్ నగరమునుండి ఈశాన్యముగా కారులో గంట ప్రయాణము. రైలులో పోవువారు లిలిడేల్ వద్ద దిగి బస్సు ఎక్కవచ్చును. నగరము నడుమ ప్రవహించు యారా నదియే ఇచ్చట పచ్చిక బయళ్ళ మధ్య మెలికలు తిరుగుచు కానవచ్చును. ఎగువ కొండలలోని అడవులలోనికి జనులను పోనీయక కాపాడి, ఆ నీటిని జలాశయములలో నిలిపి, నగరమునకు త్రాగుటకు తెచ్చుచున్నారు. లోయకు, నగరమునకు గల మొదటి బంధము ఇదియే.

ఈ లోయను చల్లని ద్రాక్షసీమ యందురు. దాని యర్థమేమి? దక్షిణార్ధగోళమున ఋతువులు మనకు తారుమారు. జూన్, జూలై మాసములలో చలికాలము. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కోతకాలము. వేడిసీమలలో ద్రాక్ష త్వరపడి పండును. తీపి వేగముగా పెరుగును, పులుపు వేగముగా తరుగును. చల్లనిచోట కాయ మెల్లగా పక్వమగును గనుక తీపి చేరునప్పటికిని పులుపు కొంత నిలిచియుండును, పరిమళము చెడదు. ఫ్రాన్సునుండి వచ్చిన పినో న్వార్, షార్డొనే అను జాతులు ఇచ్చట బాగుగా కుదురుకొనుటకు కారణమిదియే. అయితే చల్లదనమునకు వెల చెల్లింపక తప్పదు. వసంతమున లేత చిగురుపై గడ్డమంచు పేరిన యెడల ఆ యేటి పంట మాడిపోవును. అందుచే కొన్ని తోటలలో ఎత్తైన స్తంభములపై పెద్ద పంకాలు నిలిపి, పైనున్న వెచ్చని గాలిని క్రిందికి తోయుదురు.

మన హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పండించిన రైతులకు ఈ భేదము సులభముగా బోధపడును. మన యెండలకు తీగ నిద్రపోదు. కావున రైతు ఏటికి రెండుమారులు కత్తిరించును. వేసవిలో కొమ్మ బలమునకు, అక్టోబరు ప్రాంతమున కాపునకు. యారా లోయలో చలియే తీగను నిద్రపుచ్చును. ఆకు రాలిన పిమ్మట ఒక్క కత్తిరింపు చాలును.

ఇక చరిత్ర. 1838లో రైరీ సోదరులు పశువుల మందలతో వచ్చి యెరింగ్ అనుచోట మొదటి ద్రాక్షతీగలు నాటిరి. విక్టోరియా రాష్ట్రమున ఇదియే తొలి తోట. పిమ్మట స్విట్జర్లండునుండి వచ్చిన పాల్ ద కాస్తెలా ఆ భూమిని కొని సాగును విస్తరింపజేసెను. అతని సోదరుడు హ్యూబర్ట్, మిత్రుడు గియోమ్ ద ప్యూరీ కూడ సమీపముననే తోటలు వేసిరి. 1889 నాటి పారిస్ మహాప్రదర్శనమున యెరింగ్ సరకునకు అత్యున్నత బహుమానము లభించెను. కాని వైభవము నిలువలేదు. జనుల రుచి మారెను. గాటైన, తీయని సారాలకు గిరాకి పెరిగెను. పాడిపశువులు ఎక్కువ రాబడి నిచ్చెను. 1930ల చివరకు లోయలో ద్రాక్ష దాదాపుగా అంతరించెను. తీగలున్న చోట ఆవులు మేసినవి. 1960లలో కొందరు ఔత్సాహికులు తిరిగి నాటుటతో రెండవ చరిత్ర మొదలయ్యెను.

తోటల పొగడ్తలో మరుగుపడు కథ మరియొకటి కలదు. ఈ లోయ వురుండ్జెరి అను ఆదిమజనుల నేల. తమ భూములనుండి తరుమబడినవారు 1863లో, నేటి హీల్స్‌విల్ చెంత, కొరాండర్క్ అనుచోట స్థిరపడిరి. అడవి కొట్టి, ఇండ్లు కట్టి, బీరు తయారీకి పనికివచ్చు హాప్స్ పంటను నేర్పుతో పండించిరి. ఆ పంటకు నగరమున మంచి ధర పలికెను. నేల సారము తెలిసిన కొలది దానిపై ఇతరుల కన్ను పడెను. వారి పెద్ద విలియం బారాక్ తన వారితో నగరమునకు కాలినడకన పోయి, తమ నేల తమకు నిలుపుమని మంత్రులకు మొరపెట్టుకొనెను. 1881లో విచారణసంఘము ఏర్పడెను. అయినను 1886 నాటి చట్టము మిశ్రమసంతతి యనిపించుకొన్న యువకులను అచ్చటినుండి పంపివేసెను. పనిచేయు చేతులు కరవై 1924లో కొరాండర్క్ మూతపడెను. అందు కొంత భాగము 20వ శతాబ్దపు చివరనే వారికి తిరిగి దక్కినది.

మేము దర్శించిన తోట ముఖద్వారమున ఒక పళ్ళెములో మందునీరు పోసి యుంచిరి. అందు బూట్ల అడుగులు తడిపిన గాని లోనికి రానీయలేదు. వరుసల నడుమ నడువరాదనియు చెప్పిరి. ఇది మర్యాద కొరకు కాదు. ఫిలాక్సెరా అను పురుగు మన పేనుబంక జాతికి చుట్టము. అమెరికాలో పుట్టి లోకమెల్ల ప్రాకినది. వేళ్ళను పట్టి తీగను కొన్ని యేండ్లలో చంపును. దానికి మందు లేదు. తీగలు పెరికి, తట్టుకొను అమెరికా జాతి వేరుపై అంటుకట్టిన తీగలను నాటుటయే మార్గము. 19వ శతాబ్దమున విక్టోరియాలోనే గీలాంగ్ తోటలను నాశనము చేసిన ఈ పురుగు, 2006లో యారా లోయలో కనబడెను. బూటుకంటిన మట్టిబెడ్డలో అది ఒక తోటనుండి మరియొక తోటకు పోగలదు. మా తోలుబూట్లు తెల్లబడినవని మొదట కొంత నొచ్చుకొంటిమి. కారణము విన్న పిమ్మట సిగ్గుపడితిమి.

రేడియో వారమగుట మాకు కోల్డ్‌స్ట్రీమ్ గ్రామము మరింత ప్రియమైనది. సుప్రసిద్ధ గాయని నెల్లీ మెల్బా ఇచ్చట గృహము కట్టుకొనెను. ఆమె 1920 జూన్ 15న ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డ్ నుండి మార్కోనీ సంస్థవారి యంత్రము ముందు పాడగా, ఆ పాట సముద్రములు దాటి వినవచ్చెను. ప్రసారచరిత్రలో అది తొలి ఘట్టములలో నొకటి. 1931లో మరణించిన ఆమె సమాధి లిలిడేల్‌లో నున్నది.

తిరుగు ప్రయాణమున మా మనసు హైదరాబాదు మీదికి పోయెను. ఒకనాడు నగరపు టంచుల నున్న ద్రాక్షపందిళ్ళలో ఎన్నియో నేడు ఇండ్ల స్థలములైనవి. ధర వచ్చినప్పుడు అమ్ముకొన్న రైతును తప్పుపట్టలేము. మెల్‌బోర్న్‌వారు 2002లో నగరమునకు ఒక హద్దు ప్రకటించి, దాని కావల నున్న పొలములను పొలములుగనే ఉంచదలచిరి. ఆ హద్దును తరువాతి ప్రభుత్వములు కొన్నిచోట్ల జరిపినవి; అయినను హద్దు అనునది ఒకటి యుండుటచే యారా లోయ పచ్చగా నిలిచియున్నది.

మెల్‌బోర్న్‌లో మన తెలుగువారు అనేకులు కాపురమున్నారు. బిడ్డలను చూడబోవు తలిదండ్రులు ఒక దినము ఈ లోయకు పోవచ్చును. సారా ముట్టనివారికిని అచ్చట చూడదగినది చాల కలదు. హీల్స్‌విల్‌లో ఆ దేశపు జంతువులను పెంచు వనము చిన్నపిల్లలకు పండుగ. తోటలోనికి పోవునప్పుడు మాత్రము బూట్లు కడుగుకొని పొండు. ఒకరి బూటు మట్టి మరియొకరి పంటకు చేటు తేగలదు.