ముందు పలకమీద, తరువాత వాకిట్లో

కొత్త ముగ్గు వాకిట్లో పెట్టేముందు పలకమీద చుక్కలు పెట్టి చూసుకుంటాం కదూ! బ్లాక్‌చెయిన్ ప్రోగ్రాములు వ్రాసే మన పిల్లలకీ అలాంటి పలక ఒకటుంది.

బ్లాక్‌చెయిన్ అంటే వేలాది కంప్యూటర్లలో ఒకే తీరుగా ఉండే పద్దుల పుస్తకం. 2015లో మొదలైన ఇథీరియంలో పద్దులేకాక ప్రోగ్రాములూ ఎక్కించవచ్చు. ఎక్కించడానికి రుసుముంది, ఎక్కించాక దిద్దుకోవడం మామూలుగా కుదరదు. 2016లో ‘ది డావో’ అనే ప్రోగ్రాములో తప్పు దొర్లి సుమారు 36 లక్షల ఈథర్లు తరలిపోయాయి మరి!

అందుకని ముందు సొంత కంప్యూటరులోనే ఉత్తుత్తి చెయిన్ నడుపుకోవాలి. నోడ్ జేఎస్ ఎక్కించి, ప్రాజెక్టు ఫోల్డరులో హార్డ్‌హ్యాట్ పెట్టుకుని, ‘ఎన్‌పీఎక్స్ హార్డ్‌హ్యాట్ నోడ్’ అని కొట్టాలి. డబ్బివ్వక్కరలేదు. 20 ఖాతాలు, ఒక్కోదానిలో 10,000 ఉత్తుత్తి ఈథర్లు వచ్చేస్తాయి. చెయిన్ నంబరు 31337, పోర్టు 8545. ఆపితే అంతా చెరిగిపోతుంది. పాత పాఠాల్లో కనిపించే గనాష్‌కు 2023లోనే స్వస్తి చెప్పారు, దానికోసం వెతక్కండి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ 20 ఖాతాల తాళంచెవులు హార్డ్‌హ్యాట్ వాడేవాళ్లందరికీ ఒకటే, లోకమంతా ఎరిగినవే! మా అమ్మాయి స్నేహితురాలు తొందరలో అసలు చెయిన్‌మీద, అసలు ఈథరు అందులో ఒక ఖాతాకి పంపింది. కాఫీ చల్లారేలోగా ఎవరో ఊడ్చుకుపోయారు. వెళ్లి అడగడానికి బ్యాంకు మేనేజరా, ఎవరున్నారు? పాపం, రెండు రోజులు అన్నం తినలేదా పిల్ల.

మీ ఇంట్లో ఈ పని నేర్చుకునేవాళ్లుంటే, పరీక్షలకు బ్రౌజరులో వేరే ప్రొఫైలు పెట్టుకోమనండి. డబ్బున్న పర్సు అందులో తెరవనే వద్దనండి.