ఫిదేకొమీసో

మెక్సికో తీరంలో విదేశీయుల ఇళ్ల గురించి వచ్చే వార్తల్లో తరచూ కనిపించే మాట ‘ఫిదేకొమీసో’. విదేశీయులు కొన్న స్థిరాస్తిని వారి తరఫున బ్యాంకు తన పేరిట ఉంచుకునే ట్రస్టు ఇది.

ఆ దేశపు 1917 నాటి రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం సముద్రతీరం నుంచి 50 కిలోమీటర్లు, సరిహద్దుల నుంచి 100 కిలోమీటర్లలోపు భూమికి విదేశీయులు నేరుగా యజమానులు కాలేరు. అందుకే తీరపట్టణం ప్యూర్తో వయార్తాలో రిటైరైన అమెరికా దంపతులు ఫ్లాటు కొంటే, దస్తావేజులో బ్యాంకు పేరే ఉంటుంది. అందులో ఉండటం, అద్దెకివ్వడం, అమ్ముకోవడం మాత్రం దంపతుల ఇష్టమే. గడువు 50 ఏళ్లు, ఆపైన పొడిగించుకోవచ్చు. బ్యాంకుకు ఏటా రుసుము కట్టాలి.

భార్యాభర్తలు ముఖ్యంగా చూసుకోవాల్సింది వారసుల గడి. ట్రస్టు పత్రంలో ఒకరి తర్వాత మరొకరని రాసుకుంటే, ఒకరు కన్నుమూసినా రెండోవారు వారసత్వం కోసం కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు. ముసలితనంలో అది చిన్న ఊరట కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికైనా నియమం ఇదే. తీరానికి దూరంగా, చపాలా సరస్సు ఒడ్డున ఉన్న అహిహిక్‌లో కొంటే ఈ ట్రస్టు అక్కర్లేదు. ‘ఎహీదో’ అనే ఉమ్మడి భూములను మాత్రం, వాటి హోదా మారనంతవరకు, ఏ బ్యాంకూ ట్రస్టులోకి తీసుకోలేదు.