మామిడితోటలో ఇటలీ రాజ్యాంగం

వేసవి సెలవులకు మా మేనకోడలు విశాఖపట్నం నుంచి నూజివీడు వస్తూ రెండు సంచులు తెచ్చింది. ఒకదానిలో బట్టలు. రెండవది ఎత్తబోయి మా బావగారు, "ఇదేమిటే, రాళ్ళు గానీ నింపావా?" అన్నారు.

"కాదు నాన్నా, ఇటలీ రాజ్యాంగం" అంది పిల్ల.

బావగారు సంచి అక్కడే దించేశారు. నూజివీడు ప్రాంతంలో వైశాఖమాసం ఎల్లా ఉంటుందో తెలిసినవారికి ఆయన మనఃస్థితి నేను వేరే చెప్పనక్కరలేదు. రసాలు కోతకు వచ్చినవి. సాయంత్రమయ్యేసరికి ఈదురుగాలి భయం. పూత మీద బేరం చేసుకున్న వ్యాపారి కాయ పలచగా ఉందని ధర తగ్గించమని కూర్చున్నాడు. ఇటువంటి రోజుల్లో కన్నకూతురు ఎల్.ఎల్.ఎం. పేరు చెప్పి, సెమినారు వ్యాసానికని ఇటలీ రాజ్యాంగ మూలసూత్రాలు మూటగట్టుకొని వస్తే ఏ తండ్రికి మాత్రం ముద్దుగా ఉంటుంది?

"మనకు ఇటలీలో ఏమన్నా తగాదాలున్నాయా? బి.ఎల్. అయింది, హాయిగా ఇక్కడి కోర్టులో ఎవరిదగ్గరన్నా జూనియరుగా చేరితే సరిపోయేది. నాకు అర్థమయ్యేటట్టు ఒక్క ముక్క చెప్పమను, రెండో ఏడు ఫీజు సంగతి అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు నాతో, పిల్లకు వినబడేటట్టు.

ఆ సాయంత్రం తోటలో పాక ముందు నులకమంచాలు వేసుకొని కూర్చున్నాం. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, న్యాయశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. అయినా ఆ వారం రోజులూ పిల్ల పక్కన కూర్చుని విన్నాను గనుక నాకు అబ్బినంత పాఠకులతో పంచుకుంటాను.

ఇటలీకి మన కాలంలోనే, ఇంచుమించు మనతోపాటే రాజ్యాంగం వచ్చింది. 1946 జూన్ 2న అక్కడి ప్రజలు ఒకేరోజు రెండు ఓట్లు వేశారు. రాజు ఉండాలా, గణతంత్రం కావాలా అన్నది ఒకటి. రాజ్యాంగసభకు ప్రతినిధుల ఎన్నిక రెండోది. గణతంత్రానికి సుమారు 1 కోటి 27 లక్షలు, రాజుకు 1 కోటి 7 లక్షలు. దేశమంతటికీ జరిగిన ఎన్నికలో ఆడవారు ఓటు వేయడం అదే మొదలు. 556 మంది సభ్యులలో 21 మంది స్త్రీలు. అదే ఏడు డిసెంబరు 9న ఢిల్లీలో మన రాజ్యాంగసభ మొదలయింది. అందులో 15 మంది స్త్రీలు, వారిలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. వాళ్ళు 1947 డిసెంబరు 22న పని ముగించి 1948 జనవరి 1 నుంచి అమలు పెట్టుకున్నారు. మనకు 1950 జనవరి 26 దాకా పట్టింది. వాళ్ళవి 139 అధికరణాలు, మనవి మొదట్లోనే 395. "మనకు మాటలు ఎక్కువ గదా!" అన్నాను. పిల్ల నవ్వలేదు.

"అంతకు ముందు వాళ్ళకు రాజ్యాంగం లేదా?" అన్నారు బావగారు.

ఉన్నది. చిక్కంతా అక్కడే వచ్చింది. 1848లో ఆల్బర్టు అనే రాజు ప్రజలకు దయచేసిన శాసనం అది. దాన్ని మార్చడానికి ప్రత్యేకమైన పద్ధతంటూ ఏదీ లేదు. పన్నుల చట్టం ఎల్లా మారుస్తారో రాజ్యాంగాన్నీ అల్లాగే మార్చవచ్చు. 1922లో ముస్సోలినీ ప్రధాని అయినాక ఆ కాగితాన్ని చింపవలసిన అవసరమే రాలేదు. మామూలు చట్టాలు ఒకదాని వెంట ఒకటి చేయించుకొని దాని కిందనుంచే నియంతృత్వం తెచ్చి కూర్చోబెట్టాడు. శాసనం పేరుకు అట్లాగే ఉన్నది, లోపల గుజ్జు లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఇటువంటిదాన్ని 'అదృఢ రాజ్యాంగం' అంటారు. పరీక్షకు బట్టీపట్టే రోజుల్లో నాకు ఈ మాట ఎంత పొడిగా తోచేదో! దీని వెనుక ఒక దేశం ఇరవై యేళ్ళు పడిన అవస్థ ఉన్నదని ఎవరూ చెప్పలేదు.

అందుకే 1947లో వాళ్ళు గట్టి తాళం వేశారు. రాజ్యాంగం మార్చాలంటే ఉభయసభలూ మూడు నెలలకు తక్కువ కాని ఎడంతో రెండేసి సార్లు ఒప్పుకోవాలి. రెండోసారి మూడింట రెండువంతుల బలం రాకపోతే, కోరినవారుంటే ప్రజల ఓటుకు పెట్టాలి. ఇదేదో అలంకారం కాదు. 2016లో సెనేటు అధికారాలు తగ్గించబోతే జనం కాదన్నారు. 2020లో సభ్యుల సంఖ్య తగ్గిస్తామంటే సరేనన్నారు. దిగువసభ 630 నుంచి 400కు, సెనేటు 315 నుంచి 200కు దిగింది. ఇక చిట్టచివరి 139వ అధికరణం రెండు ముక్కల్లో తేల్చింది: గణతంత్ర స్వరూపాన్ని సవరణ పేరిట ముట్టుకోరాదు.

ఈ తాళానికి కావలివాడుగా 15 మంది న్యాయమూర్తుల రాజ్యాంగ న్యాయస్థానం పెట్టారు. కాగితం మీద 1948లో పెట్టినది నిజంగా పని మొదలుపెట్టేసరికి 1956 అయింది. ఆలస్యాలు మన సొత్తు మాత్రమే కావన్నమాట. దాని మొట్టమొదటి తీర్పు కరపత్రాలు పంచడానికి, గోడపత్రికలు అంటించడానికి పోలీసువారి అనుమతి కావాలన్న ముస్సోలినీ కాలపు చట్టం మీద. పాతచట్టమైనా సరే, కొత్త రాజ్యాంగానికి విరుద్ధమైతే నిలవదని తేల్చారు. అయితే అక్కడ మామూలు మనిషి తిన్నగా ఆ న్యాయస్థానం మెట్లెక్కలేడు. ఏదో కోర్టులో వ్యాజ్యం నడుస్తూ ఉండగా ఆ జడ్జికి అనుమానం వస్తే ఆయనే పై వారికి నివేదించాలి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే సుప్రీంకోర్టుకే వెళ్ళగల మన 32వ అధికరణం విలువ నాకు అప్పుడు తెలిసివచ్చింది.

బావగారు ఇదంతా విని, "బాగానే ఉంది. మన తోటకు దీనికీ ఏమిటి సంబంధం?" అన్నారు. ఆయన ఆ వ్యాపారికంటే గట్టి బేరగాడు.

పిల్ల పుస్తకం తిప్పి 44వ అధికరణం చూపించింది. ప్రైవేటు భూములకు పరిమితులు పెట్టాలనీ, పెద్ద పెద్ద భూస్వామ్యాల రూపు మార్చాలనీ అందులో ఉన్నది. దాన్ని పట్టుకొనే 1950లో కలాబ్రియా మొదలైన చోట్ల పెద్ద కమతాలు తీసుకొని రైతులకు పంచే చట్టాలు చేశారు. "మనదీ జమీందారీ భూమే గదా నాన్నా! 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేస్తేనే గదా తాతగారికి పట్టా వచ్చింది! ఆస్తిహక్కు పేరు చెప్పి కోర్టుల్లో అటువంటి చట్టాలు పడిపోకుండా 1951లో మొదటి సవరణ చేసి, తొమ్మిదో షెడ్యూలు అని పెట్టి, వాటిని అందులో చేర్చారు. మన మద్రాసు చట్టమూ ఆ జాబితాలో ఉంది. నువ్వు కూర్చున్న మంచం ఆ షెడ్యూలు మీదనే ఉంది."

బావగారు తనకు తెలియకుండానే మంచంకేసి చూచుకున్నారు.

అయితే పార్లమెంటు ఎంతవరకు మార్చవచ్చు? ఈ ప్రశ్న 1967లో గోలక్‌నాథ్ కేసులో వచ్చింది. ప్రాథమిక హక్కులు తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉన్నదని అయిదుగురు. ఆ ఆరుగురికి పెద్ద రాజమండ్రివారైన కోకా సుబ్బారావుగారు. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుగురు కూర్చుని, ఏ అధికరణమైనా మార్చవచ్చుగాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదని ఏడుగురి మెజారిటీతో తేల్చారు. 1978 సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల్లోంచి తప్పుకొని మామూలు రాజ్యాంగ హక్కయింది. ఇటలీ న్యాయస్థానమూ 1988లో ఇల్లాంటి మాటే అన్నది. 139వ అధికరణంలో రాసినదే కాకుండా, రాయకపోయినా మార్చరాని పరమసూత్రాలు కొన్ని ఉన్నాయని.

"ఓస్, ఇదా! ముసలి చెట్టు తల నరికి కొత్త అంటు కట్టుకోవచ్చు. మొదలు తవ్వకూడదు. అంతేనా?" అన్నారు బావగారు.

పిల్ల గబగబా కాగితం మీద రాసుకొంది. వ్యాసంలో పెడుతుందట. మొదలు ఏదో, కొమ్మ ఏదో తేల్చేది ఎవరన్నదే అసలు తగాదా అని నాకు తోచిందిగాని, తండ్రీకూతుళ్ళ మధ్య అప్పుడే కుదిరిన రాజీ చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఇంతసేపూ మా అత్తయ్యగారు, అంటే బావగారి తల్లి, పక్కమంచం మీద పడుకొని వింటున్నారని మాకెవరికీ తెలియదు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ పట్టాకాగితం మామగారు రేకుపెట్టెలో, బంగారానికి పైన పెట్టి తాళం వేయడం చూచినావిడ.

"అది సరేనే, ఆ రాజుగారు ఏమయ్యాడు?" అన్నారు.

"ఏ రాజు నాయనమ్మా?"

"ఓట్లలో ఓడిపోయాడన్నావే, ఆయన."

రెండో ఉంబెర్తో. నెలరోజులు రాజుగా ఉన్నాడు. 1946 జూన్ 13న దేశం వదిలి పోర్చుగల్ వెళ్ళిపోయాడు. మాజీ రాజులు, వాళ్ళ భార్యలు, మగసంతానం ఇటలీ గడ్డమీద కాలు పెట్టరాదని రాజ్యాంగంలోనే రాశారు. ఆయన తిరిగి రాకుండానే 1983లో జెనీవాలో పోయాడు. ఆ నిషేధం 2002లో గాని తీరలేదు.

అత్తయ్యగారు లేచి కూర్చున్నారు. "అదేమి అన్యాయమే! మన నూజివీడు జమీందారుగారి అబ్బాయి రంగయ్య అప్పారావుగారు ఓట్లకు నిలబడలేదూ? గెలిచి అసెంబ్లీకి వెళ్ళారు, మంత్రి అయ్యారు. వాళ్ళ కోటలోంచి ఎవరన్నా పొమ్మన్నారా? భూమి తీసుకున్నాం, ఊరు తీసుకోలేదు గదా!"

ఆయన తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా కూడా పనిచేశారని నేను అందించాను. అక్కడివాళ్ళకు ముస్సోలినీని పిలిచి గద్దె ఎక్కించిన రాజకుటుంబమన్న కోపం ఉన్నదని పిల్ల సర్దిచెప్పబోయింది. "కోపం తాతమీదైతే మనమడేం చేశాడే?" అన్నారావిడ. ఎల్.ఎల్.ఎం. చదివే పిల్ల దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి లాంతరు పెట్టుకొని చాలాసేపు ఏదో వెదికింది.

మర్నాడు తెల్లవారుజామున బావగారు రసాలు లారీకి ఎక్కించి నున్న మార్కెట్టుకు బయలుదేరుతూ, "ఫీజు ఎప్పటికి కట్టాలో కనుక్కో" అని నాతో అన్నారు. పిల్ల అప్పటికే మంచంమీద కూర్చుని, వాళ్ళ నాయనమ్మకు వినబడేటట్టు, ఆ నిషేధం సంగతి పైకి చదువుతున్నది.