బాలికలకు గురివిద్య

నెల్లూరు మండలమున, ఆత్మకూరునకు చేరువనున్న అనుమసముద్రంపేట పేరు వినగానే మన సోదరీమణులకు స్ఫురించునది ఖాజా నాయబ్ రసూల్ వారి దర్గా. హిందువులు, ముస్లిములు అను భేదము లేక, వ్యాధిబాధితులును మ్రొక్కుబడులు గలవారును అచ్చటికి వచ్చి రాత్రులు నిద్రచేయుదురు. గంధమహోత్సవ దినములలో వీధులు గాజుల యంగళ్లతోను మిఠాయి యంగళ్లతోను నిండిపోవును.

అట్టి యొక సందడిలో మేము బుడగల యంగడి యొద్ద నిలిచితిమి. బల్లకు రంగురంగుల గాలిబుడగలు కట్టి, రొక్కమిచ్చినవారి చేతికి గాలితుపాకి నిచ్చి, గురిచూచి కొట్టుడని పిలుచు నంగడి యది. పండ్రెండేండ్ల పిల్ల యొకతె ముందునకు వచ్చి పది గుండ్లకు తొమ్మిది బుడగలను పగులగొట్టెను. చుట్టు నిలిచిన మగపిల్లలు నవ్వుట మానిరి. తొమ్మిదవ బుడగ పగిలినప్పు డా పిల్ల సంతోషముతో తల్లివైపు గిరుక్కున తిరిగెను. చేతిలోని తుపాకియు నామెతోడనే తిరిగి, ప్రక్కనున్న యొక యిల్లాలి చంకలోని పసిబిడ్డ ముఖమున కెదురుగా నిలిచెను. అందు గుండు లేదు. కాని లేదని యా క్షణమున నెవ్వరికిని నిశ్చయముగా తెలియదు.

తల్లి ముఖము వెలవెలబోయెను. ఆమె మాతో నిట్లనెను: “అమ్మా, టీవీలో చూసి పిస్తోలు నేర్చుకుంటానని ఇది నన్ను పోరు పెడతా ఉండాది. ఆడపిల్ల చేతికి తుపాకి ఇయ్యొచ్చా? ఎవురి కన్నన్నా పోతే తెచ్చిచ్చేదెవురు?”

ఆమె యడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము సులభము. రెండవది త్రోసిపుచ్చదగినది కాదు. ఆమెకు మే మచ్చట చెప్పినదానిని, తరువాత విచారించి తెలిసికొన్నదానిని చేర్చి యిట వ్రాయుచున్నాము. ఇట్టి కోరికగల బిడ్డలు మన చదువరుల యిండ్లలోను ఉండవచ్చును గదా!

ముందుగా ఈ యాట యెట్టిదో చూతము. గాలిపిస్తోలులో మందు లేదు. చిన్న గొట్టములో నదిమి యుంచిన గాలి, మీట నొక్కగనే వెలువడి, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును ముందునకు నెట్టును. పోటీదారు లక్ష్యమునకు 10 మీటర్ల దూరమున నిలిచి, ఒంటిచేతితోనే పిస్తోలును చాచి పట్టి కాల్చవలయును, రెండవచేయి తోడ్పడరాదు. లక్ష్యముమీది నల్లని వృత్తపు అడ్డుకొలత 6 సెంటీమీటర్లకు రవంత తక్కువ. నడుమనున్న పది మార్కుల వలయము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే, అనగా చూపుడువ్రేలి గోరంత. పెద్దల పోటీలలో 75 నిమిషములలో 60 గుండ్లు కాల్చవలయును. అన్నియు నడుమ తగిలినచో 600 మార్కులు. పిస్తోలు బరువు కిలోన్నరకు మించరాదు.

ఇందు కండబలమునకు ప్రాధాన్యము లేదు. నిలుకడ, ఊపిరిని అదుపున నుంచుకొనుట, తప్పిన గుండును తలపోయక తరువాతిదానిని కాల్చుట, ఇవియే ముఖ్యములు. 1988లో సియోల్ ఒలింపిక్సునందు ఈ పోటీ పురుషులకును స్త్రీలకును ఒకేమారు ప్రవేశపెట్టబడినది. మొదట స్త్రీలకు 40 గుండ్లే యుండెడివి. 2018 నుండి వారికిని పురుషులతో సమానముగా 60 ఏర్పరచిరి.

ఆడపిల్లకు తగునా యను శంక తీరుటకు మన తెలుగునాటనే నిదర్శనము కలదు. 2005లో జన్మించిన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ తొమ్మిదవయేట పిస్తోలు చేపట్టెను. 2018లో తిరువనంతపురమున జరిగిన జాతీయ పోటీలలో, పదుమూడేండ్ల ప్రాయముననే, అప్పటికే పేరుగాంచిన మను భాకర్, హీనా సిద్ధు మున్నగువారిని మించి, స్త్రీల 10 మీటర్ల గాలిపిస్తోలున జాతీయ విజేత యయ్యెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఆమె నాలుగు పతకములు గడించెను. అందొకటి జట్టుతో గెలిచిన స్వర్ణము. తక్కినవి మూడును రజతములు. భారత ప్రభుత్వ మామెను అర్జున పురస్కారముతో గౌరవించినది. 2024లో ఆమె పారిస్ ఒలింపిక్సునందు 25 మీటర్ల పిస్తోలు పోటీలో పాల్గొన్నను తుదిపోటీకి చేరలేకపోయెను. అదియు ఆటలో భాగమే.

ఓటమిని సహించుటను గూర్చి మను భాకర్ జీవితము మంచి పాఠము. 2021లో టోక్యోలో, పోటీ నడుమ ఆమె పిస్తోలు చెడి, విలువైన కాలము వ్యర్థమై, ఆమె తుదిపోటీకి అర్హత పొందలేకపోయెను. మూడేండ్ల పిమ్మట, పారిస్‌లో, అదే గాలిపిస్తోలు పోటీలో కాంస్యమును, సరబ్‌జోత్ సింగ్‌తో కూడి మిశ్రమజట్టు పోటీలో మరియొక కాంస్యమును సాధించెను. స్వాతంత్ర్యానంతరము ఒకే ఒలింపిక్సులో రెండు పతకములు పొందిన భారతీయులలో ఆమెయే ప్రథమురాలు.

ఇక రెండవ ప్రశ్న. గాలితుపాకి ఆటవస్తువు కాదు. పోటీ పిస్తోలునుండి వెలువడు గుండు సెకనుకు సుమారు 150 మీటర్ల వేగముతో పోవును. ఆ వేగములో కొంతభాగమే కంటిని శాశ్వతముగా పోగొట్టుటకు చాలును. గుండు రాతికో ఇనుమునకో తగిలినచో వెనుకకు మరలివచ్చి కొట్టినవారికే తగులవచ్చును. ఆ తల్లి భయము న్యాయమైనదే. అయితే, ఆ భయమును ముందుగా నెఱిగినవారే యీ క్రీడకు నియమము లేర్పరచిరి.

రేంజి యను గురిశాలలో పోటీదారులందఱును ఒకే వరుసలో నిలుతురు. ఆ వరుసకు ముందు మనుష్యులు ఉండరాదు. గొట్టము ఎల్లప్పుడును లక్ష్యమువైపే యుండవలయును. కాల్చనప్పుడు గొట్టము పొడవునను మెఱయు రంగుగల సన్నని త్రాటిని దూర్చి యుంచుదురు. లోపల గుండు లేదనుటకు అదియే సాక్షి. ఒకరి మాటను నమ్మవలసిన పనిలేదు. అధికారి “లోడ్” అనిన పిదపనే గుండు పెట్టవలయును; “స్టార్ట్” అనిన పిదపనే కాల్చవలయును; “స్టాప్” అనిన తక్షణమే మానవలయును; “అన్‌లోడ్” అనినచో ఖాళీచేసి చూపవలయును. గురి కుదురువఱకు వ్రేలు మీటపై పడరాదు. అపాయకరముగా ఆయుధమును త్రిప్పినవారు, ఎంత గొప్ప గురికత్తెలైనను, పోటీనుండి తొలగింపబడవచ్చును.

కావున బుడగల యంగడికిని గురిశాలకును గల భేదమును తల్లులు గుర్తింపవలయును. అంగడిలో గురి మాత్రమే యుండును. గురిశాలలో గురికంటె ముందు నడవడి యుండును. తొమ్మిది బుడగలు కొట్టిన యా పిల్లకు చేయి కుదిరినది. ఇంకను నేర్వవలసినది, కొట్టిన పిదప తుపాకి నేమి చేయవలయునో యనునదే.

బిడ్డను శిక్షణకు పంపదలచిన తల్లి ముందుగా తానే గురిశాలకు పోయి ఒక పూట కూర్చుండి చూడవలయును. గుండ్లను ఆపు గట్టి గోడయో పెట్టెయో లక్ష్యము వెనుక గలదా? పిల్లలందఱకును పగులని కంటియద్దములు పెట్టుచున్నారా? చిన్న తప్పునకైనను శిక్షకుడు ఆటను ఆపుచున్నాడా? నవ్వి ఊరకుండువాడు మంచి గురువు కాడు. ఆడపిల్ల చేతిని సరిదిద్దవలసినపుడు ముందుగా చెప్పి, అందఱి యెదుట సరిదిద్దుచున్నాడా? పిల్ల రాకపోకలకు తోడెవరు? ఈ ప్రశ్న లడుగుటకు మొగమోటపడరాదు.

పిస్తోలు కొనుటకును తొందరపడరాదు. పోటీకి తగిన విదేశపు పిస్తోలు వెల లక్ష రూపాయలకు పైబడును. తొలినాళ్లలో శిక్షణాలయపు పిస్తోలుతోనే నేర్చుకొనుట మేలు. హంగులే గెలుపు కావనుటకు ఒక ముచ్చట: 2024లో పారిస్‌లో తుర్కీ దేశస్థుడు యూసుఫ్ దికేచ్, ఏబదియొకటవయేట, ప్రత్యేకపు కంటి పరికరము లేవియు లేక, మామూలు కళ్లజోడుతో నిలిచి మిశ్రమజట్టు పోటీలో రజతము గెలిచెను. ఇంటియొద్ద పిల్ల చేయదగిన సాధన యేమన, సగము నీళ్లున్న సీసాను చాచినచేత పట్టి, నెమ్మదిగా ఊపిరి తీయుచు, కొన్ని క్షణములు కదలక నిలుచుట. చేయి నొచ్చిన వెంటనే దింపవలయును.

2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారము, గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లకును శక్తి 20 జౌళ్లకును మించని గాలి ఆయుధములకు లైసెన్సు అక్కఱలేదు. అట్లని వానిని అటకమీదనో మంచము క్రిందనో పడవేయరాదు. పిస్తోలు ఒక తాళములోను, గుండ్లు వేఱొక తాళములోను ఉండవలయును. రెండు తాళపుచెవులును పెద్దలయొద్దనే యుండవలయును. దానిని చుట్టములకు చూపి మురియరాదు. పిట్టలపై గురి అసలే కూడదు. చిలుకను, గోరువంకను కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నేరము. గుండ్లు సీసము, సీసము విషము. వానిని నోట పెట్టుకొనరాదు. సాధన ముగియగనే సబ్బుతో చేతులు కడిగికొనక తినుబండారము ముట్టరాదు.

ఎన్ని జాగ్రత్తలు గైకొన్నను కంటికి దెబ్బ తగిలినచో, నలుపరాదు, ఒత్తరాదు, నీళ్లతో కడుగరాదు. చనుబాలు, ఆముదము మున్నగు ఇంటి వైద్యములు పనికిరావు. లోపల చిక్కినదానిని తీయజూడరాదు. కాగితపు గిన్నెనో కప్పునో కంటికి ఒత్తిడి తగులకుండ మూతగా నుంచి, వెంటనే నేత్రవైద్యశాలకు తీసికొనిపోవలయును. రెండవ కన్ను బాగుగనే యున్నదని జాగు చేయరాదు.

ఆనాడు ఆ యంగడియొద్ద ఇవన్నియు చెప్పుటకు మాకు వ్యవధి లేదు. తల్లితో, “పంపవచ్చునమ్మా, ముందు మీరు పోయి చూచి రండు” అంటిమి. పిల్లతో ఒక్కమాటయే చెప్పితిమి: “కొట్టిన తరువాత తుపాకిని బల్లమీద పెట్టి, అప్పుడు అమ్మవైపు తిరుగు తల్లీ. గొట్టము మాత్రము బుడగలవైపే యుండవలెను.”

పిల్ల తల్లివంక చూచెను. ఆమె కొంగుముడి విప్పి మరల పది గుండ్లకు రొక్కమిచ్చెను. ఈమారు పిల్ల మెల్లగా కొట్టెను. ఒక్కొక్క గుండునకును తుపాకిని బల్లమీద నుంచి, చేయి తీసి, పిమ్మట తల్లివైపు తిరుగుచుండెను. ఏడు బుడగలే పగిలినవి. మగపిల్లలు మరల నవ్విరి.

తల్లి మాత్రము ఈసారి నవ్వుచునే కూతురి తల నిమిరి, నెల్లూరిలో నేర్పువా రెవరైన నున్నారేమో విచారింపుడని మమ్ము కోరెను.