మెదడు వాపు – ఎలుక చెప్పే సంగతులు

కాలికి దెబ్బ తగిలితే వాస్తుంది. చర్మం సాగుతుంది కనుక ఆ వాపుకు చోటు దొరుకుతుంది. మరి మెదడు వాస్తే? పుర్రె ఎముక సాగదు. సుమారు 1,400 గ్రాముల మెదడు, కొంత రక్తం, కొంత ద్రవం – అందులో పట్టేవి ఇవే. అదనంగా నీరు చేరితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, చివరకు స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. మెదడులో కణితి ఉన్న రోగికి ఒక్కొక్కసారి కణితి కంటే దాని చుట్టూ చేరిన వాపే పెద్దదై ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ నీరు ఎక్కడిది?

1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. మిగతా అవయవాలకు రంగు పట్టింది. మెదడుకు పట్టలేదు! మెదడులోని కేశనాళికల గోడలలో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయని తరువాత తెలిసింది. చెరువుకు గట్టు వంటిదే ఈ ఏర్పాటు. కణితి ఉన్నచోట గట్టుకు గండ్లు పడతాయి. రక్తంలోని నీరూ, ప్రోటీన్లూ మెదడులోకి ఊరుతాయి.

ఈ గండ్లను పరిశీలించాలంటే మెదడు ముక్కలను కోసి చూడాలి. రోగి మెదడును అలా కోయలేం కదా! అందుకే శాస్త్రజ్ఞులు జంతువులను నమూనాలుగా తీసుకుంటారు. ఎలుకకు మత్తుమందు ఇచ్చి, సన్నని సూదితో కణితి కణాలను దాని మెదడులో ప్రవేశపెడతారు. కొన్ని వారాలలో కణితి పెరుగుతుంది. అప్పుడు ఈవాన్స్ బ్లూ అనే నీలిరంగును రక్తంలోకి ఎక్కిస్తారు. అది ఆల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకుని తిరుగుతుంది. మెదడులో ఎక్కడ నీలం కనిపిస్తే అక్కడ గట్టు తెగిందన్నమాట.

నీరెంత చేరిందో తెలిసేదెలా? వడియాలు పెట్టిన రోజున ఒకసారి, ఎండాక ఒకసారి తూచండి. తగ్గిన బరువే నీటి బరువు. మెదడు ముక్కనూ ఇలాగే ఆరబెట్టి తూస్తారు. మెదడులోని తెల్ల పదార్థంలో మామూలుగా సుమారు 70 శాతం నీరుంటుంది. అది 80 శాతమైందనుకోండి. పెరిగింది పదే కదా అంటారా? లెక్క వేయండి. 100 మిల్లీగ్రాముల ముక్కలో పొడి పదార్థం 30. అది మారదు. ఆ 30 ఇప్పుడు 20 శాతం మాత్రమే కావాలంటే మొత్తం బరువు 150 కావాలి. అంటే ముక్క ఒకటిన్నర రెట్లయింది! సాగని పుర్రెలో దీనికి చోటేదీ?

జంతు పరిశోధనల ఫలితం చిన్నది కాదు. 1983లో అమెరికాలో సెంగర్, డ్వోరాక్, వారి సహచరులు గినీ పందుల కణితులను పరిశీలించి, నాళాలను కారేటట్లు చేసే ఒక ప్రోటీనును కణితి కణాలే విడుదల చేస్తాయని కనుగొన్నారు. దాన్ని అడ్డుకునే మందులు తరువాత తయారయ్యాయి.

కాని ఎలుక చిన్న మనిషి కాదు. దాని మెదడు బరువు సుమారు 2 గ్రాములు. మన మెదడులోని మడతలు అందులో లేవు, తెల్ల పదార్థమూ తక్కువే. కణితి చుట్టూ చేరే నీరు ముఖ్యంగా తెల్ల పదార్థం గుండానే పాకుతుంది. కనుక ఎలుకలో పనిచేసిన మందు మనిషిలోనూ పనిచేస్తుందో లేదో వేరుగా పరీక్షించి తీరాలి.

మరి ఆ జంతువుల బాధ మాటేమిటి? 1959లో ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువులు లేకుండానే పని జరపాలి, తప్పకపోతే తక్కువ జంతువులతో జరపాలి, వాటికి బాధ వీలైనంత తగ్గించాలి. ఎం.ఆర్.ఐ. యంత్రం ఇందుకు సాయపడుతోంది. ఒకే ఎలుకను చంపకుండా పలుమార్లు పరిశీలించవచ్చు. జవాబు ఎంత అవసరమో, దాన్ని రాబట్టే పద్ధతిలో దయ కూడా అంతే అవసరం.